నాసికా సంధానము: ఊపిరి కొఱకా, సొగసు కొఱకా?

 

నేడు నేను ముక్కును గుఱించి నాలుగు మాటలు మనవి చేయబూనితిని. ఈ మాట విని కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో! పురాణ కాలక్షేపము చేసికొనవలసిన వయస్సున ఈ పంతులునకు ముక్కుల గొడవ యేల యని తోచవచ్చును. కాని యిది మన గడప దాటి లోనికి వచ్చిన విషయము. పట్టణమున చదువుకొనుచున్న అమ్మాయి, ముక్కు సరిచేయించుకొందునని తల్లిదండ్రులను అడుగుచున్నది. రాత్రియంతయు నోటితో ఊపిరి తీయుచున్న కుఱ్ఱవానికి ముక్కుదూలము వంకరగా నున్నదనియు, శస్త్రచికిత్స కావలెననియు వైద్యుడు చీటి వ్రాయుచున్నాడు. అడవిలో ఎలుగుబంటి వాతబడిన మనుష్యుని మొగము, కట్లు విప్పిన పిమ్మట ఇంటివారే చూడలేకున్నారు. ఈ మూడింటను ఖర్చు కలదు; భయమును కలదు. ఈ మూడిండ్లవారును తుదకు రచ్చబండ యొద్దకు వచ్చి, "అయ్యా, చేయింపవచ్చునా?" యని మిమ్మే అడుగుదురు. మీ మాట అచ్చట చెల్లును. కావున ఆ మాట విషయము తెలిసి చెప్పునదిగా ఉండవలెనని నా కోరిక.

మన భద్రాచల ప్రాంతమునకు ముక్కుతో ప్రాత సంబంధమే కలదు. భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలమున, గోదావరి యొడ్డున పర్ణశాల యున్నది. సీతారామలక్ష్మణులు నివసించిన పంచవటి యిదియే యని మన వారి విశ్వాసము. మహారాష్ట్రమందలి నాసిక నగరమువారు, పంచవటి తమ యూరిలోనిదే యనియు, శూర్పణఖ నాసిక తెగుటచేతనే తమ యూరికి ఆ పేరు కలిగినదనియు చెప్పుదురు. ఆ వివాదమును తీర్చుట నా పని గాదు. రెండు చోట్లను పాఱునది గోదావరియే. కథ మాత్రము అందఱకును తెలిసినదే. లక్ష్మణుడు శూర్పణఖ ముక్కు చెవులు కోసెను. అందుచే ఆమెకు ప్రాణాపాయము కలుగలేదు. ఆమె మొదట ఖరునియొద్దకును పిదప రావణుని యొద్దకును పోయి మొఱపెట్టుకొనెను. వైద్యుని యొద్దకు పోయినట్లు ఎచ్చటను లేదు. తుదకు లంక కాలెను. ముక్కు పోయినవారికి ప్రాణము పోదు గాని నలుగురిలో తలయెత్తు ధైర్యము పోవునని ఆ కథ మనకు తెలుపుచున్నది. మన పలుకుబడియు అట్టిదే. పందెమున ఓడినచో ముక్కు కోయించుకొందునని పంతము పట్టువారిని మీరెఱుగుదురు. కాలు కోయించుకొందుననువానిని నేనింతవఱకు వినలేదు.

కవులు ముక్కును సొగసు పక్షమున చేర్చిరి. నువ్వుపువ్వుతో పోల్చిరి, సంపెంగతో పోల్చిరి. పారిజాతాపహరణ కర్తయగు నంది తిమ్మనకు, ముక్కును వర్ణించిన యొక పద్యమువలననే "ముక్కు తిమ్మన" యను పేరు వచ్చినదని ప్రతీతి. ఆ పద్యము రామరాజభూషణుని వసుచరిత్రమున కానవచ్చుటచే, అది యెవరి సొత్తను తర్కమును పుట్టినది. ఒక్క పద్యము కవి పేరునే మార్చగలిగినదన్నమాట! అయినను నేను చదివిన కవులలో ఎవ్వరును ముక్కు లోపల జరుగు పనిని వర్ణింపలేదు. దానిని వైద్యులకు విడిచిరి. ఆ వైద్యులు చెప్పునది కొంచెము వినుడు.

వీధినుండి వచ్చినవాడు వసారాలో కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చుట మన యాచారము. శరీరమను ఇంటికి ముక్కు అట్టి వసారా. మనుష్యుడు ఒక దినమున లోనికి తీసికొను గాలి సుమారు 10,000 లీటర్లు. ఆ గాలిలోని దుమ్మును ముక్కులోని వెండ్రుకలును తడిపొరయును పట్టి నిలుపును. లోపల ప్రక్కగోడలపై ముడుతలవలె నున్న కండలు గాలిని వెచ్చబఱచి తడిచేయును. అటుపిమ్మటనే ఆ గాలి ఊపిరితిత్తులకు పోవును. నోటితో పీల్చిన గాలికి ఈ మర్యాద జరుగదు. ముక్కు పైభాగము ఎముకతోను, క్రింది భాగము మెత్తని మృదులాస్థితోను కట్టబడినది. నడుమ రెండు రంధ్రములను వేఱుచేయు గోడయే ముక్కుదూలము. ఇంటి దూలము కప్పును మోయునట్లు ఈ దూలము ముక్కు రూపమును మోయును. గాలికి దారియు చూపును. ఒక్క దూలమే రెండు పనులును చేయుచున్నది. నేడు నేను చెప్పబోవు సంగతికి ఇదియే మూలము గావున దీనిని మఱువకుడు.

ముక్కును మరల చేయు విద్య మన దేశమున పుట్టి లోకమంతయు వ్యాపించినది. సుశ్రుత సంహితలో సూత్రస్థానమున పదునాఱవ అధ్యాయము చెవులు కుట్టు విధితో ఆరంభమగును. తెగిన చెవితమ్మెలను అతుకు విధములను చెప్పి, తుదకు ముక్కునకు వచ్చును. ఆ విధి యిట్టిది. పోయిన ముక్కు కొలతకు సరిపోవు చెట్టాకును తీసికొనవలెను. ఆ యాకు కొలతకు చెంపనుండి చర్మమాంసములను కోసి లేపవలెను. అయితే ఒక వైపున దానిని చెంపకు అంటియే యుండనీయవలెను. మోడైన ముక్కు అంచులను గీచి, లేపిన భాగమును వెంటనే తెచ్చి అతికి కట్టు కట్టవలెను. లోపల రెండు గొట్టములను అమర్పవలెను. పైని అతిమధురము మొదలగువాని చూర్ణము చల్లి, తెల్లని ప్రత్తితో కప్పి, నువ్వులనూనెతో పలుమాఱు తడుపవలెను. గాయము మానిన పిమ్మట చెంపతో నున్న సంబంధమును కోయవలెను. ముక్కు చాలకున్నచో పెంచవలెను. మాంసము మిగిలినచో సమము చేయవలెను.

పెద్దలారా! ఆ రెండు గొట్టములను గమనింపుడు. సుశ్రుతుడు మొగమునకు బొమ్మముక్కును అంటించి ఊరకుండలేదు. క్రొత్త ముక్కు ఎత్తుగా నిలువవలెను; ఊపిరియు ఆడవలెను. మాంసము మిగిలినచో సమము చేయుమని చెప్పుటలో సొగసు చూపును కలదు. ఊపిరి యొక శాస్త్రము, సొగసు వేఱొక శాస్త్రమని ఆయన విడదీయలేదు.

ఈ విద్య గ్రంథములోనే నిలిచిపోక, చేతిపనివాండ్ర యిండ్లలో తరతరములుగా సాగివచ్చినది. 1792లో ముగిసిన మైసూరు యుద్ధమున కావస్జీ యను ఎడ్లబండివాడు ఇంగ్లీషు సైన్యమునకు పని చేయుచు టిప్పుసుల్తాను మనుష్యులకు చిక్కెను. వారతని ముక్కును ఒక చేతిని కోసి విడిచిరి. ఒక సంవత్సరము అతడట్లే గడపెను. పిదప పూనా ప్రాంతమున ఇటుకలు చేయు కులమునకు చెందిన యొక మనుష్యుడు అతనికి క్రొత్త ముక్కు చేసెను. అతడు పలుచని మైనపు రేకును మోడుపై అమర్చి ముక్కు రూపము తీసెను. ఆ మైనమును చదును చేసి నుదుటిపై నుంచి గీత గీసెను. ఆ మేరకు నుదుటి చర్మమును లేపి, కనుబొమల నడుమ చిన్న కొస విడిచి, మడిచి క్రిందికి దింపి అతికెను. పదియవ దినమున మెత్తని గుడ్డపీలికలను ముక్కుపుటములలో నుంచి రంధ్రములు మూసికొనిపోకుండ చూచెను. సుశ్రుతుని గొట్టములే యిక్కడ గుడ్డపీలికలైనవి. బొంబాయి రాజధానికి చెందిన ఇద్దఱు ఇంగ్లీషు వైద్యులు దీనిని కన్నులార చూచిరి. 1794 అక్టోబరు మాసమున లండనులోని ఒక మాసపత్రిక ఈ వృత్తాంతమును చిత్రముతో ప్రకటించెను. దానిని చదివిన జోసెఫ్ కార్ప్యూ అను వైద్యుడు పెక్కేండ్లు అభ్యసించి, 1814లో లండనున ఆ శస్త్రము చేసి, 1816లో దానిపై గ్రంథము వ్రాసెను. ఇటుకలు చేయువాని యొద్ద పాఠము నేర్చుకొనుటకు సీమ వైద్యులు సిగ్గుపడలేదు.

ఆ కాలమున మత్తుమందు లేదు. రోగి ఆ నొప్పిని ఓర్చుకొనవలసినదే. మత్తుమందుల వాడుక 1840లలో వచ్చినది; దానితోపాటు ప్రాణభయమును వచ్చినది. క్లోరోఫారము ఇచ్చునపుడు కొందఱు హఠాత్తుగా మరణించుచుండిరి. ఆ కారణమును విచారించుటకు మన హైదరాబాదులోనే, ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని ఆధ్వర్యవమున, నిజాము ప్రభుత్వపు వ్యయముతో 1888లోను 1889లోను రెండు పరిశోధక సంఘములు పని చేసెను. రోగి ఊపిరిని ఎడతెగక కనిపెట్టి యుండవలెనని ఆ సంఘములు నొక్కి చెప్పెను. గుండెకును అపాయము కలదని పిదపటి పరిశోధకులు నిరూపించిరి. అయినను ఊపిరిని కనిపెట్టుడను బోధ నేటికిని చెల్లుచున్నది. నేడు రోగి ఊపిరిని, గుండెను, రక్తములోని ప్రాణవాయువును క్షణక్షణమును చూపు యంత్రములు కలవు. మత్తుమందు వైద్యుడు ప్రక్కనే యుండును. కావున ఎంత చిన్న శస్త్రమైనను ఆ వైద్యుడును ఆ యంత్రములును లేని చోట చేయింపరాదు.

సొగసు కొఱకే ముక్కును మార్చు పద్ధతి ఈ మధ్యకాలమున పెరిగినది. 1887లో అమెరికా దేశమున జాన్ రో అను వైద్యుడు, పైకి మచ్చ కనబడకుండ ముక్కు లోపలినుండియే రూపు దిద్దు విధమును ప్రకటించెను. 1898లో బెర్లినున జాక్వెస్ జోసెఫ్ అను వైద్యుడు, పెద్ద ముక్కువలన నలుగురిలో తిరుగలేక కుములుచున్న యొక మనుష్యుని ముక్కును తగ్గించిన సంగతిని వైద్యసభకు నివేదించెను. మనస్సు పడు బాధయు బాధయే యని ఆయన వాదము. దానిని నేను తోసిపుచ్చను. అయితే ఆ దారి వెడల్పై, నేడు వ్యాధి లేనివారును లోపము లేనివారును దానిలో నడుచుచున్నారు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ముక్కు శస్త్రములు మూడు తెఱగులని తెలిసికొనుడు. ఊపిరి దారిని తెఱచునది యొకటి. తెగినదానిని, కూలినదానిని మరల నిలుపునది రెండవది. చక్కగా నున్నదానిని ఇంకను సొగసు చేయబోవునది మూడవది. లోకులు తఱచు రెండవదానిని మూడవదానితో కలిపి, "అంతయు అందము కొఱకే" యని త్రోసివేయుదురు. ఆ మాటవలన మన గ్రామములలో అన్యాయము జరుగుచున్నది.

మొదట ఊపిరి సంగతి. ముక్కుదూలము చక్కగా నిట్టనిలువుగా నున్నవారు అరుదు. చాలమందికి కొంచెము వంకర ఉండును. వంకర కనబడినంత మాత్రమున కత్తి పట్టనక్కఱలేదు. ఊపిరి ఆడకున్నను, రోగము మాటిమాటికి తిరుగబెట్టుచున్నను, మందులతో లొంగకున్నను, అప్పుడే దూలమును సరిచేయు మాట. పెరుగుచున్న పిల్లలకు, మిక్కిలి యవసరమైననే గాని, ఎదుగుదల ముగియువఱకు ఆగుట మంచిది. పడిశము, దుమ్ము గిట్టకపోవుట, పొయ్యి పొగ, చుట్ట పొగ, ఇవియు ముక్కును మూయును. వీనిని ముందుగా చూచుకొనవలెను.

పిల్లల విషయమున ఇంకొకటి కలదు. నేను ఉపాధ్యాయుడనుగా నున్నప్పుడు నాల్గవ తరగతిలో ఒక బాలుడుండెడివాడు. ఎప్పుడును నోరు తెఱచుకొనియే కూర్చుండును. పాఠము నడుమ కునుకును. తోటి పిల్లలు ఎగతాళి చేయుదురు. తల్లి, "వీడు మొద్దు, పంతులుగారూ" యని నిట్టూర్చును. బడికి వచ్చిన వైద్యునకు వానిని చూపగా, ముక్కు వెనుక, కొండనాలుకకు పైగా, గ్రంథులు ఉబ్బి గాలిదారిని మూసినవని ఆయన చెప్పెను. వీనినే వైద్యులు అడినాయిడ్లందురు. వానిని తీయించిన పిదప ఆ బాలుడు రాత్రి నిద్రించి పగలు మేల్కొనుట నేర్చెను. తరగతిలో మొదటివాడయ్యెనని చెప్పను. కాని ఎక్కములు అప్పగించునంతటివాడయ్యెను. నోరు తెఱచి నిద్రించుచు, గురక పెట్టుచు, పగలు తూగుచున్న పిల్లవాడు మీ యూర నున్నచో, వాని బుద్ధిని నిందింపక ముందు ముక్కును చూపింపుడు.

దెబ్బల సంగతి మఱింత ముఖ్యము. ఎద్దు కొమ్ము విసరినను, కబడ్డీలో మోచేయి తగిలినను, మోటారు సైకిలు మీదినుండి పడినను ముక్కునకు దెబ్బ తగులును. రక్తము ఆగినదని, వాపు తగ్గునని ఇంట కూర్చుండరాదు. ఒక్కొక్కప్పుడు రక్తము దూలపు పొర క్రింద చేరి గడ్డకట్టును. అప్పుడు ముక్కు రెండు వైపుల పూడినట్లుండి, లోపల మెత్తని యెఱ్ఱని వాపు కనబడును. దానిని అదే దినమున వైద్యుడు తీసివేయవలెను. ఆలస్యమైనచో దూలమందలి మృదులాస్థి ఆహారము లేక చచ్చును; చీము పట్టవచ్చును; కొన్నాళ్ళకు ముక్కు నడుమ కూలి జీనువలె పల్లమగును. అప్పుడు ఊపిరియు పోవును, రూపమును పోవును. ఎముక విఱిగి ప్రక్కకు ఒరిగినచో, రెండు వారములలోపల సరిచేయుట తేలిక. పిల్లలకు ఇంకను ముందుగా చేయవలెను. ఎముక అతుకుకొనిన పిదప అది పెద్ద శస్త్రమగును. నేటి ఒక దినపు ప్రయాణము రేపటి అప్పును తప్పించును.

ఇక రెండవ తెఱగు, పోయినదానిని నిలుపుట. మన అడవి యంచున వేసవి ముందు ఇప్పపూలు రాలుకాలమున స్త్రీలు తెల్లవాఱకమునుపే చెట్లక్రిందికి పోవుదురు. ఎలుగుబంటియు ఆ పూలకే వచ్చును. అది మనుష్యుని మీద పడినప్పుడు తఱచు తల మీదను మొగము మీదను గోళ్ళు వేయును. మా ప్రాంతపు ఒక గూడెమున ఇట్లే ముక్కు పోగొట్టుకొనిన యొక స్త్రీని నేనెఱుగుదును. ప్రాణము నిలిచినది, గాయము మానినది. కాని యేండ్ల తరబడి ఆమె కొంగు మొగమునకు అడ్డముగా పెట్టుకొనియే బ్రదికినది. పెండ్లికి రాదు; సంతకు పోదు. తెఱచియున్న రంధ్రములలో లోపలి పొర యెండి పక్కులు కట్టి నెత్తురు కాఱుచుండును. వేసవి దుమ్మునకు దగ్గు విడువదు. పెద్ద ఆసుపత్రికి పోయిన మరల ముక్కు చేయుదురని ఎవరో చెప్పగా, గూడెపు పెద్ద యొకడు, "ఈ వయస్సున దీనికి అందమెందుకు?" అనెనట. ఆ యొక్కమాటతో రెండేండ్లు గడచినవి.

ఆమె నాతో నన్నది నాకు జ్ఞాపకమున్నది: "పంతులయ్యా! నాకు అందమెందుకు? మనుమడు నన్ను చూసి జడుసుకోకుండా నా చేతి బువ్వ తింటే చాలు."

ఈ కోరికను ఏ పద్దున వ్రాయుదురు? సొగసు పద్దున వ్రాయుటకు నాకు మనసొప్పదు. తుదకు ఆమె పోయినది. పలుమాఱులు శస్త్రము జరిగినది. నుదుటి చర్మమును మడిచి దింపిరి; లోపలి దన్ను కొఱకు ప్రక్కటెముక మృదులాస్థిని వాడిరి; రంధ్రములు మూసికొనకుండ గొట్టము లమర్చిరి. పూనా ఇటుకలవాని పద్ధతియే, మత్తుమందుతోను శుభ్రతతోను కూడి, ఆమెకు దక్కినది. ముక్కు పూర్వమున్నట్లే యున్నదని చెప్పుట అబద్ధము. నుదుట మచ్చ కలదు. అయినను లోపల పక్కులు కట్టుట తగ్గినది, కొంగు జాఱినది. మఱుసటి యేట ఆమె పెండ్లి పందిట వడ్డన చేయుచుండగా నేను విస్తరి ముందు కూర్చుంటిని.

వన్యమృగముల వాతబడినవారికి అటవీశాఖ పరిహారమిచ్చు నియమము కలదు. సంఘటన జరిగిన వెంటనే అటవీశాఖవారికి తెలిపి, ఆసుపత్రి కాగితములను భద్రపఱచుట గ్రామపెద్దలు చేయదగిన సహాయము. కుష్ఠువ్యాధి ముదిరినప్పుడును ముక్కుదూలము కూలును. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగులకై ఆసుపత్రి స్థాపించిన నాటికి ఆ వ్యాధిని నిశ్చయముగా కుదుర్చు మందు లేదు. 1982 నుండి పలు మందులు కలిపి యిచ్చు చికిత్స వచ్చినది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఆ మందులు ఉచితముగా నిత్తురు. స్పర్శ లేని మచ్చ కనబడినప్పుడే చూపించుకొనినచో, వ్యాధి ముక్కువఱకు రానే రాదు.

ఇక మూడవ తెఱగు, ఉన్న ముక్కునే మార్చుట. ఇది పాపమని నేననను. యుక్తవయస్సు వచ్చిన మనుష్యుడు తన శరీరమును గుఱించి తాను నిర్ణయించుకొనవచ్చును. కాని నిర్ణయము తనదై యుండవలెను. మన యిండ్లలో తఱచు జరుగునది వేఱు. పెండ్లిచూపులకు వచ్చినవారు, "పిల్ల చామనచాయ, ముక్కు చప్పిడి" యని పోవుదురు. నాటినుండి తల్లికి నిద్ర పట్టదు. తండ్రి ఎకరము కుదువ పెట్టుటకు సిద్ధపడును. పిల్లను మాత్రము ఎవరును అడుగరు. ముక్కు చప్పిడి యని వదలిపోయినవారు, ముక్కు సరియైన పిదప కట్నము చాలదని వదలిపోరని ఎవరు హామీ యిత్తురు? ఎకరము మరల రాదు. సహజమైన ముక్కును కోసి తగ్గించిన పిదప, అదియు ఉన్నట్లుగా మరల రాదు.

చదువుకొను పిల్లలకు ఇంకొక భ్రమ కలదు. ఫోనును చేతి దూరమున పట్టుకొని తీసిన పటములో ముక్కు ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును. దగ్గఱనున్న వస్తువు పెద్దదిగా కనబడుట దృష్టి ధర్మము. అద్దమునకు లేని దోషమును ఫోను చూపుచున్నదని పిల్లలకు తెలుపుడు. కొందఱు కత్తి లేకుండ సూదిమందుతో ముక్కు నెత్తు చేయుదుమని ఆశ పెట్టుదురు. ఆ మందు రక్తనాళమున ప్రవేశించినచో చర్మము కుళ్ళవచ్చును. కంటి చూపే పోవచ్చును. అలంకరణ దుకాణములలో ఆ పని చేయించుకొనుట ప్రమాదము. మఱికొందఱుందురు, ఎన్నిమాఱులు దిద్దినను తృప్తి లేక అద్దము ముందే కాలము గడపుదురు. అది మనోవ్యాధి. వారికి కావలసినది కత్తి గాదు, మనోవ్యాధి వైద్యుడు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, మొదట నేను మఱువకుడన్నది. రూపమును మోయునదియు గాలికి దారి చూపునదియు ఒక్క కట్టడమే. సొగసు కొఱకు ముక్కును మితిమీఱి సన్నము చేసినచో, ప్రక్కగోడలు దన్ను లేక, ఊపిరి పీల్చినప్పుడెల్ల లోనికి ముడుచుకొనును. చూచువారికి ముక్కు సంపెంగ. పీల్చువానికి మూసిన తలుపు. ఎదురుగోడ అందము కొఱకు దూలమును చెక్కినచో కప్పు దిగును గదా! కావున మంచి వైద్యుడు సొగసు కొఱకు వచ్చినవారికిని ముందుగా ఊపిరిని పరీక్షించును. పరీక్షింపకయే ధర చెప్పువాని యొద్దనుండి లేచి వచ్చుటయే మేలు.

మిమ్ము సలహా యడిగినప్పుడు ఈ ప్రశ్నలు వేయుడు. ముక్కుతో ఊపిరి ఆడుచున్నదా? పోయినదానిని నిలుపుటకా, ఉన్నదానిని మార్చుటకా? కోరిక ఎవరిది, పిల్లదా, పెండ్లివారిదా? ఎదుగుదల ముగిసినదా? వైద్యుడు ఈ శస్త్రమున శిక్షణ పొందినవాడేనా, మత్తుమందు వైద్యుడు ఉండునా? మరల శస్త్రము కావలసివచ్చిన ఖర్చెవరిది? వాపు పూర్తిగా తీసి అసలు రూపు నిలుచుటకు సంవత్సరము పట్టునని వారికి తెలియునా? ఈ ప్రశ్నలకు జవాబులు వచ్చునప్పటికి సగము నిర్ణయము అయియే యుండును.

ఎచ్చటికి పోవలెనని అడుగుదురు. ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. పిదప భద్రాచలము ఏరియా ఆసుపత్రి. కొత్తగూడెమున 2022లోను ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. ముక్కు, చెవి, గొంతు వైద్యుని చూచుటకు ప్రతివాడును హైదరాబాదు పోనక్కఱలేదు. ముక్కును క్రొత్తగా నిర్మింపవలసినచో మాత్రము పెద్ద ఆసుపత్రికి పంపుదురు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున ఏ చికిత్సలు చేరియున్నవో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెప్పును. అడుగుటకు మొగమాటపడకుడు. చీటిమీద "వ్యాధి" యని వ్రాసినారా, "సొగసు" అని వ్రాసినారా యనునదానిని బట్టి ఖర్చు ఎవరిదో తేలును. కావున గాయమువలన, వ్యాధివలన పోయిన ముక్కునకు ఆ కారణము కాగితముపై స్పష్టముగా ఉండునట్లు చూడుడు.

మన పెద్దల మాటకు బలము కలదని మొదట చెప్పితిని. "ఈ వయస్సున అందమెందుకు?" అనుట సులభము. "పిల్లవాడు మొద్దు" అనుటయు సులభమే. "ముక్కు సరిచేయించినచో సంబంధము కుదురును" అనుట ఇంకను సులభము. ఇట్టి మాట నోట వచ్చునప్పుడు ఒక్క నిమేషము ఆగి, ఎదుటివాని ఊపిరిని విని, వాని మనస్సును అడిగి, పిదప చెప్పుడు. ఎలుగు వాతబడినవారిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు బండి కట్టుడు. ముక్కు చప్పిడి యన్న పెండ్లివారిని వేఱొక యిల్లు చూచుకొమ్మని సాగనంపుడు. ముక్కు సూటిగా చెప్పితినని కోపపడకుందురుగాక.